ఎలుగులోయలో ఆ అరుపు

"ఆపు బాబూ, ఆపు! ఆ అరుపు నేను వినలేను."

డోరీన్ చెవుల మీది హెడ్‌ఫోన్స్ పీకి బల్ల మీద మైకు పక్కన పడేసింది. తెర మీద ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేచి అలాగే నిలబడిపోయింది.

"అదేంటమ్మా, అసలు సీనే ఇది కదా!" అన్నాడు ట్రెంట్. "'ఎలుగులోయ' అనగానే జనానికి గుర్తొచ్చేది ఈ అరుపే. చిన్నప్పుడు ఈ సీను రాగానే వెనక్కి తిప్పి తిప్పి చూసి ఎన్ని క్యాసెట్లు అరగదీశామో! మీరు దీని గురించి నాలుగు ముక్కలు చెప్పారంటే చాలు, డిస్కు ఎగరేసుకుపోతారు."

"ఆ అరుపు నటన కాదు నాయనా."

"తెలుసమ్మా! అందరికీ తెలుసు. అందుకే కదా ఇంత పిచ్చి!"

కుర్రాడిలో కల్మషం లేదు. అదే వచ్చిన చిక్కు. పిల్లలు వేషాలు కట్టి, దీపం వెలిగిన ఇంటికల్లా మిఠాయికి వెళ్లే హాలోవీన్ పండక్కి ఆ పాత సినిమాను కొత్తగా డిస్కు మీద తెస్తున్నారు. బొమ్మ నడుస్తుంటే పక్కన నాయిక కబుర్లు వినిపించాలని, బర్‌బ్యాంక్‌లోని ఈ ఇరుకు రికార్డింగు గదికి పట్టుబట్టి ఆవిడను పిలిపించింది అతనే. రాగానే తన పాత క్యాసెట్టు అట్ట మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు.

"అక్కడ విగ్గు పెట్టుకుని, నా గౌను వేసుకుని ఉన్నది నేను కాదు," అంది డోరీన్. "మా తమ్ముడు వెస్. నాకు భయమేసి చెయ్యనంటే, 'నువ్వుండక్కా, నేను చూసుకుంటా' అని నా బదులు వెళ్లాడు. ఆ ఎలుగుకి ఆట నేర్పినవాడి మాట ఆ పూట అది వినలేదు. మిగతాది నువ్వు చూశావుగా."

ట్రెంట్ గొంతు తగ్గించాడు. "వెస్ గారు ఇప్పుడు..."

"నాతోనే ఉంటాడు. ముఖం సగం కుట్లే. కుట్లతో బతకొచ్చు బాబూ, మీ అభిమానులతోనే బతకలేకపోయాం. క్యాసెట్టు వచ్చిన దగ్గర్నుంచీ, హాలోవీన్ వస్తే చాలు, ఎలుగు తోళ్లు తగిలించుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాళ్లు. 'వెస్, ఒక్కసారి అరవ్వా! మా గాళ్‌ఫ్రెండ్ వింటానంటోంది, ఒక్కసారి!' అని. వాడు వరండా దీపం ఆర్పేసి, బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చునేవాడు. ఏళ్ల తరబడి హాలోవీన్‌కి మా ఇంటి దీపం వెలగలేదు."

"అయ్యో."

"పోయినేడు వాడంతట వాడే వెళ్లి స్విచ్చి వేశాడు. మిఠాయి బుట్ట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఓ చిన్నపిల్ల వచ్చి, వాడి ముఖం చూసి, 'నీ మాస్కు భలే ఉంది తాతా' అంది. వాడెంత నవ్వాడనుకున్నావ్! ఇప్పుడిప్పుడే మనుషుల్లో పడుతున్నాడు. మీరు దీన్ని మళ్లీ జనం మీదికి వదిలితే మళ్లీ ఆ బాత్రూంలోకే పోతాడు. ఈసారి ఇక బయటికి రాడు."

ట్రెంట్ తల గోక్కున్నాడు. "ఆ సీను లేకపోతే ఉప్పులేని కూరేనమ్మా. మా బాస్ నన్ను నమిలి మింగేస్తాడు."

మెట్లెక్కడానికే ఆపసోపాలు పడే మనిషి, కుర్చీలోంచి జారి నేల మీద మోకరిల్లింది. సిగ్గు, పరువు, వయసు ఏవీ ఆమెకు గుర్తులేవు. ఉన్నది తమ్ముడొక్కడే.

"నువ్వేం చెప్పమంటే అది చెప్తాను. ఆ ఎలుగుని ప్రేమించానని చెప్పమన్నా చెప్తాను. ఆ ఒక్క ముక్క తీసెయ్యి నాయనా. నీకు దణ్ణం పెడతాను, మావాణ్ణి బతకనీ!"

ఆవిడ ఏడుపు గదంతా నిండిపోయింది. ట్రెంట్‌కి కూడా కళ్లు చెమ్మగిల్లాయి. భుజాలు పట్టి లేపాడు.

"లేవండమ్మా, ఊరుకోండి. మా అమ్మ మీద ఒట్టు. సినిమాలో ఆ సీను ఉండదు. బాస్‌ని ఎలాగోలా నేను ఒప్పిస్తా."

ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా డోరీన్ గలగలా మాట్లాడింది. రాని నవ్వు కూడా తెచ్చుకుని నవ్వింది.

అక్టోబరులో డిస్కు పోస్టులో వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే వెస్ దాన్ని ప్లేయర్‌లో పెట్టాడు.

"ఒరేయ్, నువ్వు చూడకురా. నేను చూసి చెప్తాగా."

"నా కళ్లతో నేను చూడాలక్కా. చూస్తేగానీ వరండాలో కూర్చోలేను."

తెర మీద అడవి. గౌను వేసుకున్న మనిషి ఒంటరిగా నడుస్తోంది. పొదలు కదిలాయి. డోరీన్ తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేచింది. అంతే. తెల్లారిపోయి, షెరీఫ్ జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చేసింది. అరుపు లేదు.

"తీసేశారక్కా!" వెస్ చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. "నిజంగానే తీసేశారే!"

డోరీన్ భోరుమంది. మాట మీద నిలబడే మనుషులు ఇంకా ఉన్నారని ట్రెంట్‌ని, ఎన్నడూ చూడని వాళ్లమ్మని కూడా నోరారా దీవించింది. వెస్ పరుగున వెళ్లి, పట్టపగలని కూడా చూడకుండా వరండా దీపం వేసొచ్చాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ మిగతా సినిమాను కబుర్లాడుకుంటూ, అప్పటి వేషాలకు నవ్వుకుంటూ చూశారు.

సినిమా అయిపోయింది. పేర్లన్నీ పైకి వెళ్లిపోయాయి. తెర మీద ఎలుగు బొమ్మ ఒకటి వచ్చి నిలిచింది. దాని పంజా కింద ఎర్రటి అక్షరాలు మెరిశాయి:

'అభిమానులకు ప్రత్యేక కానుక! సినిమాలోంచి తొలగించిన దృశ్యం, పూర్తి నిడివితో. తీసెయ్యమని డోరీన్ మోకాళ్ల మీద పడి ఏడ్చిన ఏడుపుతో సహా!'