బలం మాత్రలు

ధనుశ్రీ మోకాలి కింద నర్సు బొటనవేలితో నొక్కి తీసింది. గుంట అట్లాగే నిలిచిపోయింది.

“ఇది కండ కాదప్పా, నీరు.”

ఆరు నెలలుగా మనవరాలి బుగ్గలు చూసుకుని మురిసిపోతున్నాడు నారప్ప. తమ ఊరు బలసముద్రంలో మారన్న ఎదురైనప్పుడల్లా, పిల్లకు ఏం మేపుతా ఉండావప్పా, మా గొర్రెలకూ చెప్పు అని ఎగతాళి చేసేవాడు.

నారప్ప కూతురిని తీసుకుపోయిన హెచ్ఐవీయే పుట్టుకతో ఆమె బిడ్డకూ వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట చెప్పలేక, ఇవి బలం మాత్రలనీ, బక్కవాళ్లకు ఒళ్లు రావడానికి ఇస్తారనీ నమ్మించాడు. బడి పోతుందని పిల్లను తేకుండా, ఇన్నాళ్లూ తానే పావగడ ఆసుపత్రికి వచ్చి మాత్రలు తీసుకుపోయాడు.

నర్సు చెప్పుకుపోయింది. ఒంటేలులో సత్తువంతా పోతోంది, కిడ్నీలు దెబ్బ తింటున్నాయి. కిడ్నీల డాక్టరు ఇక్కడ లేడు, తుమకూరు పోవాలి. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కకు సరిగ్గానే ఉన్నాయి గానీ, రక్తం చూస్తే బిడ్డ మాత్ర మింగి మూడు నెలలైనట్టుంది. ఇకనైనా రోజూ పడితే కిడ్నీలు నిలవచ్చు. లేకుంటే లేదు.

“ఇంట్లో మాత్ర ఎవరిస్తారు?”

“కోడలు.”

బస్సులో పిల్ల ఆయన భుజం మీద నిద్రపోయింది. నారప్పకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. పిల్లకు కంచం వేరు పెట్టింది కోడలు సౌభాగ్యే. తను సోలార్ ప్లాంటులో పలకల కింద గడ్డి కోస్తుంటే, పొద్దున్నే పిల్ల చేత ఆమె పంపే రాగి అంబలి కూడా ఈమధ్య చేదుగా ఉంటోంది. అడిగితే, నీ నోరే బాగలేదేమో మామా అంది. ముసలివాణ్ణీ పిల్లనూ ఒక్కసారే వదిలించుకునే ఎత్తు అది. ఇప్పుడు తెలిసింది.

గడపలోనే కోడలిని నిలదీశాడు.

“మాత్రలు ఏం చేసినావు?”

“ఏంది మామా? దీపాల పొద్దుకు దినమూ నేనే ఇస్తా. నా కళ్ల ముందరే నోట్లో వేసుకుంటాది.”

“రక్తం అబద్ధం చెప్తాదా? నా అంబలిలో ఏం కలుపుతా ఉండావో అదీ చెప్పు. నిన్ను నమ్మి బిడ్డను చేతిలో పెట్టినా గదా.”

సౌభాగ్య ఏడవలేదు. కంచం వేరు పెట్టింది నిజమే, భయపడింది, తప్పే. మాత్ర మాత్రం ఒక్కనాడూ మానలేదంది. రెండు చీరలు సంచిలో కుక్కుకుని, మంగళవాడలోని పుట్టింటికి పోతానని బయలుదేరింది. నారప్ప ఆపలేదు. తలుపు దగ్గరే ముఖం తిప్పుకుని నిలబడ్డాడు.

ధనుశ్రీ వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

“అత్తను అనొద్దు తాతా. మాత్ర నేనే బుగ్గన పెట్టుకుంటా. అత్త అట్ల పోయినంక తీస్తా.”

సౌభాగ్య చేతిలో సంచి కింద పడింది.

“తీసి యాడ పారేసినావు తల్లీ?” నారప్ప పిల్ల ముందు చతికిలబడ్డాడు.

“పారెయ్యలేదు.” పిల్ల తన ఉబ్బిన బుగ్గ తడుముకుంది. తర్వాత, లోతుకు పోయిన ఆయన దవడను తడిమింది. “నాకు ఒళ్లు వచ్చినాది కదా.”

ఆయనకు అర్థం కాలేదు.

“నువ్వే బక్కగా ఉండావని, నీ అంబలిలో వేస్తా ఉండా.”