బయట చేరని కోడలు

నెలసరి కప్పును తడిపి, అంచును వేలితో లోపలికి నొక్కి మడిచాను. కువైట్‌లో నర్సుగా ఉన్న అక్క ఫోనులో చెప్పినట్టే గొంతుకూర్చుని, ఊపిరి వదిలి, నడుము వైపుకి వాల్చి నెమ్మదిగా తోశాను. అది లోపల విచ్చుకుంది. నొప్పి లేదు.

పెరట్లో దండెం మీద నా నెలసరి గుడ్డలు కనబడితే చాలు, మా అత్తగారు సత్యనారాయణమ్మ నన్ను పెరటి చివర కొబ్బరికాయలు పోసే కొట్టుగదిలోకి పంపేసేవారు. వానాకాలం జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కూడా కంచాన్ని కర్రతోనే నెట్టారు.

కప్పు వచ్చాక రెండు నెలలుగా దండెం ఖాళీ. ఆవిడ ఆ ఖాళీనే చూస్తున్నారు.

స్నానం చేసి రాగానే చెయ్యి పట్టుకుని దేవుడి గదిలోకి తీసుకెళ్ళారు. మడిచీరలో ఉన్నారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నుదుట కుంకుమ దిద్ది, పరవాన్నం తన చేత్తోనే నోట్లో పెట్టారు.

"నీళ్ళోసుకున్న సంగతి నాకు చెప్పొద్దూ? దండెం చూసి నేనే కనిపెట్టేను. రేపు రాజోలు డాక్టరమ్మ దగ్గరికెళ్దాం. ఎన్నో నెలమ్మా?" అన్నారు నా తల నిమురుతూ.

మెతుకు మిగలకుండా మింగాను.

"నెల కాదండీ అత్తయ్యగారూ, రోజు. ఇవాళ రెండో రోజండీ."

ఆవిడ చెయ్యి నా తల మీదే ఉండిపోయింది. పక్కన దీపం వెలుగుతోంది.

"నన్ను ముట్టుకుని మైలపడ్డారు కదండీ," అన్నాను మెల్లగా. "పొద్దున్నే మీరు మడికట్టుకుని పరవాన్నం పొయ్యి మీద పెట్టగానే కొట్టు ఊడ్చి, మీకు చాప వేసి ఉంచేనండీ."