మల్లన్న డ్యూటీ

"దీపం మళ్లీ వెలిగింది సార్!"

భిక్షపతి అరుపుకు బట్టీ దగ్గరున్న మనుషులంతా వెనక్కి జరిగారు. తుక్కు ఇనుము నింపుకుని పైకి లేచిన బకెట్, బట్టీ నోటి మీద గాలిలోనే నిలిచిపోయింది. కంట్రోల్ ప్యానెల్ మీద ఎర్ర దీపం. ప్లాట్‌ఫారం మీద మనిషి నిలబడి ఉన్నాడని దానర్థం.

ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు.

ఇంజనీరు ప్రభాకర్ మెట్లెక్కి వెళ్లి చూశాడు. ఇనుప పలకల మీద దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

చాంద్రాయణగుట్ట అవతల ఉన్న ఆ కార్ఖానాకు ఆ ప్యానెల్ కొత్తది. తుక్కు ఎంత పడింది, బట్టీ ఎంత వేడెక్కింది, కరెంటు ఎంత తాగింది, అన్నీ అదే కొలుచుకుని బకెట్ ఎప్పుడు వంచాలో తేల్చుకుంటుంది. ప్లాట్‌ఫారం మీద సెన్సర్‌కు మనిషి బరువు తగిలితే మాత్రం అన్నీ ఆపేస్తుంది. అది రాకముందు మనుషులే ప్లాట్‌ఫారం ఎక్కి గడ్డపారలతో తుక్కు తోసేవాళ్లు. అలా తోస్తూనే మల్లన్న అనే కూలీ కాలు జారి బట్టీలో పడ్డాడు. ఇంటికి తీసుకుపోవడానికి ఏమీ మిగల్లేదు.

"మిషన్‌ది తప్పు గాదు సార్," భిక్షపతి గొంతు తగ్గించాడు. "మల్లన్న నిలవడ్డడు ఆడ. గది వాని జాగ."

"సెన్సర్ ఖరాబైంది భిక్షపతీ. ఇంకోటి వేస్తా."

"ఇంతకుముందు గూడ గదే అన్నరు. ఏసిండ్రు. వాడు పోయిండా? ఇగ మేం పని జెయ్యం."

బట్టీ కూలీలందరూ ఒక్కొక్కరే తలగుడ్డలు విప్పుకుని బయటికి నడిచారు.

యజమాని జగన్నాథం ఎర్ర దీపం వంక చూడను కూడా చూడలేదు. "ఆ సెన్సర్ పీకి పారెయ్ ప్రభాకర్. మిషన్ నడవకపోతే మనుషులే ఎక్కి తోస్తరు, ఎప్పటిలెక్క."

"మళ్లా ఎవరన్నా పడితే సార్?"

జగన్నాథం కారెక్కాడు. "రేపు బట్టీ నడవాలె. అంతే."

ప్రభాకర్ సాయంత్రం దాకా తల పట్టుకు కూర్చున్నాడు. మంచి సెన్సర్ బొంబాయి నుంచి రావాలి. అది వచ్చేదాకా సెన్సర్ లేకుండానే మిషన్ నడిపి, పైకి ఎవరూ ఎక్కకుండా తనే ప్లాట్‌ఫారం కింద కాపలా నిలబడగలడు. కానీ కూలీల మనసులో నిలబడ్డ మల్లన్నను ఎవరు దించుతారు?

ఎలక్ట్రీషియన్ వైకుంఠాన్ని పిలిచాడు. "రేపు మల్లన్న భార్యను తీసుకొస్త. ఆమె ఇంటికి రమ్మని పిలుస్తది. ఆమె మాట అయిపోంగనే నువ్వు ప్యానెల్ వెనక సెన్సర్ తీగె పీకెయ్. దీపం ఆరిపోతది. వాళ్లు నమ్ముతరు."

"పాపం తగుల్తది సార్."

"నాకే తగలనీ. ఇంకో మనిషి బట్టీలో పడొద్దు."

అటునుంచి అటే కిషన్‌బాగ్ వెళ్లాడు. మల్లన్న భార్య చంద్రమ్మ కూతురు రాజమణితో కలిసి గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ప్రభాకర్ చెప్పిందంతా విని చేట పక్కన పెట్టింది.

"నిజంగ ఆడ ఉన్నడా సారూ?"

అతను ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. "దీపం వెలుగుతుందమ్మా."

"అయితె వస్త."

మర్నాడు బట్టీ వెలిగించగానే ఎర్ర దీపం కూడా వెలిగింది. చంద్రమ్మ వచ్చిందని విని వచ్చిన కూలీలు గోడకు అంటుకుని నిలబడ్డారు. వైకుంఠం ప్యానెల్ వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. చంద్రమ్మ కొంగు నడుముకు చుట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. తలెత్తి ఖాళీ ప్లాట్‌ఫారం వంక చూసింది. బట్టీ హోరు తప్ప ఏమీ వినబడటం లేదు.

"ఓ రాజమణి నాయినా," అంది చివరికి. "ఇన్నొద్దులు ఇంటికి రాకపోతివి. ఈడనా నిలవడ్డది?"

ఎవరో కూలీ వెక్కాడు.

"నాకెర్కనే. నీలెక్క ఇంకెవ్వరన్న పడతరని కావలున్నవ్. ఇగ ఎవ్వరు పడరు. ఆ తుక్కు తోసెతందుకు మిషనొచ్చింది. ఎవ్వరు ఎక్కరు ఆడికి. ఎంతసేపని నిలవడ్తవయ్యా అంత వేడిల? కాళ్లు గుంజుతలేవా? నీ డ్యూటీ అయిపోయింది. దిగు. ఇంటికి పోదాం రా."

చంటిపిల్లాడిని దించుకునేదానిలా చెయ్యి చాచింది.

ప్రభాకర్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఈమెను ఇక్కడికి తెచ్చి తనెంత పని చేశాడు! చాలు, తీగె పీకొద్దని వైకుంఠాన్ని కేకేయబోయాడు.

దీపం ఆరిపోయింది.

బకెట్ వంగింది. తుక్కు ఒక్కపెట్టున బట్టీలో పడి నిప్పురవ్వలు కప్పు దాకా లేచాయి. కూలీలు చేతులు జోడించారు. భిక్షపతి తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చంద్రమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా గేటు వైపు నడిచింది. పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు, బాటకు ఒక ఓరగా, నిదానంగా వెళ్లింది.

ఎవరి పనుల్లోకి వాళ్లు దిగాక ప్రభాకర్ ప్యానెల్ వెనక గదిలోకి వెళ్లాడు. అక్కడి నుంచి ప్యానెల్ దీపాలు కనిపించవు. వైకుంఠం మోకాళ్లలో తల దాచుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"మంచిగ చేసినవ్ వైకుంఠం. సరిగ్గ సమయానికి పీకినవ్," అన్నాడు ప్రభాకర్ అతని భుజం తట్టి.

వైకుంఠం తడిసిన మొహం పైకెత్తాడు.

"మాఫ్ చెయ్యున్రి సార్. ఆమె గట్ల పిలుస్తుంటె నాకు చేతులాడలే. తీగె ముట్టనే లేదు."