మౌస్ కదిపే పెద్దాయన

"తాతగారూ, ఆ మౌస్ వదిలెయ్యండి. అది ఆటవస్తువు కాదు."

ఇంజనీరు విసుగు దాచుకోలేదు. పొద్దుట్నుంచీ చూస్తున్నాడు. నర్సుల బల్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న ఆ ముసలాయన మౌస్‌ను అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు.

"కదిపితేనే కూస్తుంది బాబూ. లేకపోతే మొద్దునిద్ర పోతుంది."

"కూయడానికి అదేమన్నా కోడా?"

నర్సులు నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

వార్డులో ప్రతి మంచం దగ్గరా గుండె మానిటర్ ఉంది. వాటి తీగలన్నీ ఆ కంప్యూటర్లోని ఒకే సీరియల్ కార్డుకు వచ్చి చేరతాయి. ఎవరి గుండె తడబడినా కార్డు కంప్యూటర్‌ను తట్టి లేపాలి. ఆ తట్టడాన్నే ఇంటరప్ట్ అంటారు. తట్టగానే అలారం మోగాలి.

ఒక్కోసారి మోగడం లేదని ఫిర్యాదు.

ఇంజనీరు ఒక్కో తీగనూ పరీక్షించాడు. మోగింది. కార్డు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. అప్పుడూ శుభ్రంగా మోగింది.

"కార్డుకు ఏ రోగమూ లేదు సిస్టర్. ఈయన కెలకడం వల్లే ఈ తంటా అంతా. బయటివాళ్లని ఇక్కడ కూర్చోనివ్వకండి."

"పోనీలెండి సార్, పాపం. ఎవరి జోలికీ పోరు," హెడ్‌నర్సు నసిగింది.

"అయితే మళ్ళీ చెడితే నన్ను పిలవకండి."

ముసలాయన లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మీరైనా అప్పుడప్పుడు కాస్త కదుపుతుండండమ్మా."

నర్సులు తమ పనుల్లో పడిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం మూడో మంచం మీది మనిషికి గుండె ఆగింది. అలారం మోగలేదు. బల్ల తుడుస్తున్న ఆయా చెయ్యి మౌస్‌కు తగిలాక మోగింది. డాక్టరు పరుగున వచ్చేసరికి అంతా అయిపోయింది.

కబురందుకుని వచ్చిన ఇంజనీరు ఆయా మాట వినగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. విప్పి చూశాడు. కార్డుకూ మౌస్‌కూ ఒకటే ఇంటరప్ట్; రెండూ ఒకే తలుపు తడుతున్నాయి. కార్డు తట్టినా కంప్యూటర్ ఒక్కోసారి లేవడం లేదు. మౌస్ కదిలితే మాత్రం లేచి, పనిలో పనిగా కార్డునూ పలకరిస్తోంది.

నిన్న తన పరీక్షలన్నీ నెగ్గింది ఆ ముసలి చేతి పుణ్యాన.

కార్డుకు వేరే ఇంటరప్ట్ ఇచ్చాడు. మౌస్ ముట్టుకోకుండా పరీక్షించాడు. మోగింది. ఇప్పుడు మోగి ఏం లాభం అనుకున్నాడు.

"సిస్టర్, ఆ పెద్దాయన్ని ఒక్కసారి పిలిపించండి. కాళ్లు పట్టుకోవాలి."

"ఎక్కడుంటారో తెలీదు సార్. మీరు పొమ్మన్నాక ఇటు రాలేదు."

"ఈ వార్డులో ఆయన మనుషులెవరు?"

"ఇప్పుడెవరూ లేరు." ఆమె ఖాళీ అయిన మూడో మంచం వైపు చూసింది. "దిగులుతో మతి చలించిందేమో, పోనీ కూర్చోనిద్దాం అనుకున్నాం సార్. కిందటి నెల ఆ మంచం మీదే ఆయన భార్య పోయింది. ఈయన పరిగెత్తుకొచ్చి ఈ బల్ల మీద చెయ్యి వేశాకే ఆవిడ అలారం మోగింది."