ఎవరూ కొనవద్దు

ఏడో దీపానికి కూడా ఒక్క స్టారే పడింది.

కింద అదే మాట: ‘వెలుతురు బాగుంది. ఎవరూ కొనవద్దు.’

విజయేందర్ ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాడు.

శ్రీరాంపూర్‌లో ఒక చిన్న గది అతని దుకాణం. బొగ్గుబాయిలో కార్మికులు టోపీకి పెట్టుకునే దీపాలు పాతబడితే తుక్కు కింద కొంటాడు. లోపల వేరే సెల్లులు వేసి, పైన తుడిచి, ఆన్‌లైన్ వేలంలో పెడతాడు. మక్కజొన్న చేన్లకు కావలి పోయేవాళ్లు, కరెంటు నిలవని ఊళ్లవాళ్లు పాడుకుంటారు.

కొన్నవాళ్లు అమ్మినవాడికి స్టార్లు వేస్తారు. అమ్మినవాడు కొన్నవాళ్లకు వేస్తాడు. ఆ సైటులో మనిషికి అదే మొహం.

అతని మార్కు తొంభై ఎనిమిది నుంచి తొంభై ఒకటికి జారింది. తొంభై కంటే తగ్గితే సైటులో అతని దుకాణం మూసేస్తారు.

“మళ్ల గాయనేనా?” భార్య స్వరూప అడిగింది.

“గాయనే. పెద్దపల్లి దశరథం.”

“మంచిగ లేకుంటె మళ్లెందుకు కొంటుండు?”

“నన్ను ముంచనీకి. పోటీగాడెవడో వెనుకున్నడు.”

“అందరికన్న ఎక్కువ పాడి, పైసలు ముందుగాల్నే కట్టి ముంచుతరా?”

“నీకు దెల్వది. ఊకో.”

తెలియనిది అతనికే. పగబట్టినవాడు తిడతాడు. ఈ మనిషి తిట్టడం లేదు. చేయని తప్పుకు మాట పడితే కోపం రావాలి. అతనికి వస్తున్నది కోపం కాదు. అది ఏమిటో తేల్చుకోకుండా, మొహం కడుక్కోకముందే ఫోన్ చూడటం అలవాటు చేసుకున్నాడు.

పార్శిల్ చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు.

“దశరథం గారేనా? నేను దీపాలమ్మేటోన్ని.”

“చెప్పు తమ్మీ.” ఎదురుచూస్తున్నట్టే ఉంది గొంతు.

“ఒక్క స్టార్ ఎందుకేస్తుండ్రు కాకా? నేనేం జేసిన మీకు?”

“ఇంకెన్నున్నయి నీ తాన?”

“నాలుగు.”

“నాలుగూ నాకియ్యి. నువ్వెంతంటె అంత.”

“ఇస్త. ముందుగాల గా రేటింగులు తీసెయ్యిండ్రి.”

“తీస్తె వేరేటోళ్లు కొంటరు.”

“కొననీయిండ్రి. నేను అమ్మేది గందుకేనాయె.”



“ఒక్కటి అడుగుత. లోపలి సెల్లులు కంపెనీయేనా, నువ్వేసినవా?”

విజయేందర్ చూపు మూలనున్న సంచి మీదికి పోయింది. కిలోల లెక్కన తెచ్చిన సెల్లులు. వాటి మీద పేరు లేదు, తారీఖు లేదు.

“కంపెనీయే.”

“ఎవ్వలడిగినా గిట్లనే చెప్తవా?”

“అవ్.”

“సరే తమ్మీ.”

ఫోన్ పెట్టేశాడు. ఆ ‘సరే’ విజయేందర్‌కు నచ్చలేదు.

ఆ పూటే కూర్చుని, అమ్మిన ఏడు దీపాలకూ వరుసగా దశరథానికి ఒక్కొక్క స్టార్ వేశాడు. ఏడుసార్లూ ఒకే మాట రాశాడు: ‘ఫోనులో బెదిరిస్తున్నాడు. మోసగాడు.’

“బెదిరించిండా?” స్వరూప అడిగింది.

“బెదిరించినట్టే.”

మూడో రోజు సైటు నుంచి కబురు వచ్చింది. దశరథం ఖాతా మూసేశారు. అతడు రాసినవన్నీ ఆ ఖాతాతోపాటే పోయాయి.

విజయేందర్ మార్కు తొంభై తొమ్మిదికి ఎక్కింది.

ఆ వారంలోనే మిగిలిన నాలుగు దీపాలూ పోయాయి. ధర్మపురికి ఒకటి, జన్నారానికి ఒకటి, బాసరకు ఒకటి, ఉట్నూరుకు ఒకటి.

ఉట్నూరు ఆయన అందిన రోజే అయిదు స్టార్లు వేశాడు. ‘పిల్లలు చదువుకోనీకి మస్తుంది’ అని రాశాడు.

మరునాడు మధ్యాహ్నం దుకాణానికి ఒక పెద్ద డబ్బా వచ్చింది. పెద్దపల్లి నుంచి.

“వాపసు పంపిండు సూడు. చెప్పలే నీకు?” అంటూ విజయేందర్ కోశాడు.

లోపల ఏడు పెట్టెలు. ఏడింటికీ అతను అంటించిన టేపు అట్లాగే ఉంది. ఒక్కటీ విప్పలేదు.

“తెర్వకుంటనే స్టార్లు ఎట్లేసిండు?” అంది స్వరూప.

అతను డబ్బాలోకి చెయ్యి పెట్టాడు. అడుగున పాత తువ్వాలలో ఇంకొకటి చుట్టి ఉంది. విప్పాడు. కరిగి ముద్దైన ప్లాస్టిక్, పగిలి నల్లబడిన సెల్లు. ఒక పక్కన మాడకుండా మిగిలిన చీటీ మీద తన చేతిరాతతో వేసిన నంబరు.

“గిది మన దీపమే గద?”

అతను అప్పటికే ఫోన్ అందుకున్నాడు.

ధర్మపురి ఆయన ఎత్తాడు. “చార్జింగ్ పెట్టకుండ్రి అన్నా, పక్కకు పెట్టుండ్రి. పైసలు వాపసిస్త.” జన్నారం ఎత్తాడు. బాసర ఎత్తాడు.

ఉట్నూరు ఎత్తలేదు.

మళ్లీ చేశాడు. మోగుతూనే ఉంది.

“ఎత్తుతలేరా?”

“ఇంట్ల లేరేమో.”

“చెయ్యి, మళ్ల చెయ్యి.”

అతను మళ్లీ చేస్తుంటే, తువ్వాల మడతలోంచి జారిన కాగితం స్వరూప కంట పడింది. తీసి, వినిపించేటట్టు మెల్లగా చదివింది.

“తమ్మీ, కొనంది ఎవ్వల్నీ స్టార్ వెయ్యనియ్యరు, గందుకే ఏడు కొన్న. నేనేసిన పాత రేటింగు మారుద్దామంటె గడువు దాటింది అన్నరు. ఇప్పుడైతె నా ఖాతనే లేదు, ఇగ నువ్వే ఆపాలె. నీ దీపానికి అందరికన్న ముందు అయిదు స్టార్లు ఏసింది నేనే; గా స్టార్లు చూసే మా తమ్ముడు గూడ ఒకటి తెప్పిచ్చుకొని, తన బిడ్డ తలాపున చార్జింగ్ పెట్టిండు.”