గట్టు కింద డబ్బా

సింధు రైతు పర్వతాలు ఇంట్లోకి వచ్చి చేతులు జోడించింది. "పెద్దయ్యా, పోయిన వారం మీ పొలం గట్టు కింద చిన్న డబ్బా పాతిపెట్టిన. అడగకుండ పెట్టుడు తప్పే. పర్మిషన్ కోసం సూర్యాపేట నుంచి వచ్చిన."

"ఏం డబ్బా?"

"లోపల బీకన్, సిగ్నల్ ఇచ్చే చిన్న మిషన్ ఉంటది. దాని సిగ్నల్ పట్టుకొని ఫోన్లతో వెతికే ఆట. దొరికినోళ్లు అందుల కాయితం మీద పేరు రాస్తరు."

"ఎర్ర లైటు మెరిసేదా?"

"అవును. మీరు చూసిండ్రా?"

పర్వతాలు తలుపు వైపు చూశాడు. "పేర్లు రాసి పాతితే బాణామతి, చేతబడి అనుకున్నం బిడ్డా. పక్క చేను ముసల్దే చేసిందని ఊరంత మీద పడ్డం. నాది కాదు, నాది కాదనుకుంటనే పానం ఇడిసింది."



అతను లేచి తలుపు గొళ్లెం పెట్టాడు.

"డబ్బా నీదని ఇంకెవరికన్న ఎరికనా?"