ర్యాంపు ఎవరికి?

ఇది నా వాంగ్మూలం, నేను చెప్పింది చెప్పినట్టు రాయండి.

నాది ఉద్యోగం కాదు. ఏ నాటకం వాళ్ళు పిలిస్తే అక్కడికి నా చక్రాల కుర్చీలో పోయి పనిచేస్తాను. ఈసారి క్లీవ్‌లాండ్ థియేటర్ వాళ్ళు పిలిచారు. వాళ్ళ నాటకంలో కుర్చీ మనిషి వేషం కెండ్రాది. కాళ్ళు బాగానే ఉన్న ఆ పిల్లకు కుర్చీలో ఎలా బతకాలో నేను నేర్పాలి.

స్టేజీ మీద కెండ్రా కుర్చీ ఎక్కడానికి చక్కటి ర్యాంపు, అదే వాలుబల్ల, పెట్టారు. వీధి గుమ్మానికి మాత్రం మెట్లే.

"ఆ ర్యాంపు ఇటు వేయండి," అన్నాను.

"అది సెట్టు, మిస్ ఓడెస్సా! కదపకూడదు. మిమ్మల్ని మేం ఎత్తుకెళ్తాంగా," అన్నాడు మేనేజరు.

"నేనేమన్నా పియానోనా?"

పాఠాలన్నీ బయట కాలిబాట మీదే, మంచులోనే చెప్పాను.

మొదటి ఆట రోజు హాలు నిండింది. కెండ్రా వీధి గుమ్మం మెట్ల కిందే కుర్చీలో కూర్చుంది.

"లేచి రా తల్లీ, టైమైంది!" అని మేనేజరు బతిమాలాడు.

"ఎలా లేస్తానండీ? నాకు నడక రాదుగా," అంది.

ర్యాంపు క్షణాల్లో బయటికొచ్చింది. ముందు నేనెక్కాను.

ఇప్పుడు వాళ్ళ నటిని చెడగొట్టానని నా మీదే ఫిర్యాదు. కుర్చీ మనిషి ఎలా ఉంటుందో నేర్పమన్నారు, నేర్పాను.